అమ్మ ఎక్కని కొండ

మొన్న మా తమ్ముడి మనవడు ఒక కరపత్రం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా అమ్మ పేరు మీద ఊళ్లో అన్నదానం చేస్తున్నారట, దాని కోసం అచ్చు వేయించారట. కళ్లద్దాలు వెతుక్కుని చదివితే, ఆమె మహాభక్తురాలనీ, ఏటేటా కాలినడకన తిరుమల కొండెక్కి స్వామిని సేవించుకున్న ధన్యజీవి అనీ రాసి ఉంది. వాడు మెప్పు కోసం నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. తొంభై దాటిన ముసలిదానికి ఇంత కోపం ఎక్కడిదని వాడు బిత్తరపోయాడు గానీ, అది ఇప్పటిది కాదు, నా తొమ్మిదో ఏట పుట్టి నాతోపాటే ముసలిదైంది. మా అమ్మ కొండ ఎక్కలేదు. ఇంటి వెనక నిలబడితే ఏడుకొండలూ కనపడే ఊళ్లో కాపురం చేసి, స్వామి పేరు తలవకుండా మంచినీళ్లు కూడా తాగని మనిషి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఎక్కలేదు.

నా ఈడువాళ్లకు దసరా రోజుల్లో వచ్చే పెరటాసి నెల గురించి చెప్పనక్కర్లేదు. తిరుచానూరు దాటి కొన్ని మైళ్లు పోతే మా ఊరు. ఆ నెలంతా ఇంట్లో నీచు ఉండదు, పెద్దవాళ్లకు ఒంటిపూట భోజనం. శనివారం వచ్చిందంటే నామం పెట్టిన చెంబు పట్టుకుని గోవిందా అంటూ నాలుగిళ్ల ముందు నిలబడి అడుక్కొచ్చిన బియ్యంతోనే స్వామికి తళిగ వేయాలి, గాదె నిండా వడ్లున్నా సరే. ఆ నైవేద్యం వండేటప్పుడు తుంపర పడుతుందని అమ్మ నోటికి గుడ్డ కట్టుకునేది. పొగలో, ఆ గుడ్డ వెనక, ఆమె కళ్లు మాత్రం కనపడేవి. అందరూ తిన్నాక మిగిలితే తినేది, మిగలకపోతే స్వామికి ఉపవాసం ఉన్నానని చెప్పేది. అప్పుడది భక్తి అనుకున్నాను. ఇప్పుడు అడిగితే వేరే మాట చెబుతాను.

మూడో శనివారానికి ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని కొండకు పోవడం మా వంశంలో ఆచారం. దానికి ఇంకో ఆచారం తోడు. పోయినవాళ్లు తిరిగి గడప తొక్కేదాకా ఇంట్లో స్వామి ముందు పెట్టిన దీపం ఆరకూడదు, ఆరితే మెట్లెక్కే వాళ్ల కాలు జారుతుందని నమ్మకం. ఆ దీపం దగ్గర ఇంటి ఆడమనిషి ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మా అమ్మే. మా నాయనను కన్న అవ్వ ముందు నడిచేది, నాయన మూటలు మోసేవాడు, మేం పిల్లలం బండిలో ఎగిరి కూర్చునేవాళ్లం. పెళ్లైన ఏడాది నుంచీ అమ్మ ప్రమిద ముందే కూర్చుంది, ఒక ఏడు కడుపుతో, ఒక ఏడు చంటిబిడ్డతో, మిగతా ఏళ్లు కోడలు కాబట్టి.

యుద్ధం రోజులవి. ఆ ఏడు నేనే అవ్వ దగ్గరకు పోయి, దీపం నేను చూసుకుంటాను, అమ్మను తీసుకుపొమ్మని అడిగాను. నేను ఇంకా పెద్దమనిషిని కాలేదు, మైల భయం లేదు, ఇంటి పిల్లనే. అవ్వ చాలాసేపు ఆలోచించి తల ఊపింది. అమ్మ ఆ వారం రోజులూ పని చేస్తూ చేస్తూ మధ్యలో ఆగి తనలో తనే నవ్వుకునేది. మెట్టుమెట్టుకూ పెట్టడానికని పసుపు ఒక పొట్లం, కుంకుమ ఒక పొట్లం కట్టుకుంది. శుక్రవారం పొద్దున బండి ఎక్కేముందు, నూనె తగ్గకుండా చూసుకోమని, భయపడొద్దని నాకు రెండుసార్లు చెప్పింది.

నూనె తగ్గకూడదన్న ఆ ఒక్క మాటే నా బుర్రలో నాటుకుంది. మధ్యాహ్నం నుంచీ కాస్త కాస్త పోస్తూనే ఉన్నాను. పొద్దు వాలేవేళకు ప్రమిద అంచుదాకా నిండి, ఒత్తి మునిగి, దీపం కొండెక్కింది. పొయ్యిలో నిప్పుంది. పుల్ల అంటించి మళ్లీ వెలిగిస్తే అయిపోయేది, చూసేవాళ్లు ఎవరూ లేరు. నాకు మాత్రం మెట్ల మీద అమ్మ కాలు జారడమే కళ్ల ముందు కనపడింది. ఏడుస్తూ చేనికాడికి పరుగెత్తి, కాపలాకని ఆగిపోయిన మా చిన్నాయనకు చెప్పాను. ఆయనకు సొంతంగా ఏదీ తేల్చుకునే అలవాటు లేదు. వాళ్లు రాత్రికి కొండ కింద అలిపిరిలో ఆగి శనివారం పొద్దున్నే మెట్లెక్కుతారు కాబట్టి, తెల్లవారుజామున సైకిలెక్కి, అక్కడికి పోయి వాళ్లను అందుకున్నాడు.

అక్కడ జరిగింది నాకు తర్వాత ఆయనే చెప్పాడు. అప్పటికి అమ్మ వంగి వంగి పదకొండు మెట్లకు పసుపు కుంకుమ పెట్టిందట. పన్నెండో మెట్టు మీద చెయ్యి పెట్టబోతుండగా ఈయన కేక వేశాడు. మా ఊరివాళ్లు ఇంకో రెండు బండ్లవాళ్లు కూడా ఉన్నారు, అందరూ ఆగి విన్నారు. అవ్వ ఒక్క క్షణం ఆలోచించిందో లేదో, అమ్మతో అనేసింది.

"నువ్వు ఎనక్కి పో. నీ చేత్తో నువ్వే ఎలిగించు. ఇంట్లో దీపం ఆరినాక నీకు కొండేంది?"

మా నాయన మూటలు భుజం మార్చుకున్నాడట. అంతే, ఆయన చేసింది. తిట్టినా సహించేదాన్ని, ఆ భుజం మార్చుకోవడాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. అమ్మ పొట్లాలు రెండూ అవ్వ చేతిలో పెట్టి, మెట్లు దిగి, చిన్నాయన సైకిలు నడిపించుకుంటూ పక్కన వస్తుంటే, అంత దారీ ఎండలో నడిచి ఇంటికొచ్చింది. తల మీద నీళ్లు పోసుకుని దీపం వెలిగించింది. నన్ను ఒక్క మాట అనలేదు, అన్నం తిన్నావా అని మాత్రం అడిగింది. అప్పుడు ఆమె నన్ను నాలుగు బాది ఉంటే ఈ జన్మంతా నాకు ఇంత బరువు ఉండేది కాదు.

ఆ పైన అమ్మను కొండకు తీసుకుపోయే మాట ఎవరూ ఎత్తలేదు. ఏడెనిమిదేళ్లు గడిచాయి, నాకు పెళ్లైంది. కాన్పుకని పుట్టింటికి వచ్చినప్పుడు అవ్వ మంచం పట్టి ఉంది. అమ్మే ఎత్తేది, కడిగేది, గంజి పోసేది. ఒకరోజు మా వంశంవాళ్లే అయిన పక్కింటామె వచ్చి, తామంతా కొండకు పోయినప్పుడు తన కోడలు దీపం ఆరిపోనిచ్చిందని, అప్పటినుంచీ ఒకటే ఏడుపని చెప్పింది. అవ్వ బోసినోటితో నవ్వింది.

"దానికేనా ఏడస్తా ఉండాది? దీపమన్నాక ఆరదా? నేను కోడలుగా ఉన్నప్పుడు నాలుగైదుసార్లు ఆరింది. మళ్లా ఎలిగించినా, గమ్మునుండినా. ఎవురికి సెప్పినా?"

మరి మాయమ్మను మెట్లకాడి నుంచి ఎందుకు మళ్లగొట్టినావని అడిగేశాను. అవ్వ నా వైపు తిరిగి, చాలా మామూలుగా చెప్పింది.

"నువ్వు కబురంపితివి గదమ్మా. నలుగురూ విన్నాక నేనేం సేసేది?"

నేను నోటికొచ్చినట్టు అరిచాను. చావబోయే మనిషిని అనకూడని మాటలే అన్నాను, వాటిలో ఒక్కటి కూడా ఇప్పుడు వెనక్కి తీసుకోను. అవ్వకు గంజి పోస్తున్న అమ్మ గ్లాసు కింద పెట్టకుండానే రెండో చేత్తో నా చెంప మీద ఒకటి వేసింది. నా జన్మలో ఆమె నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

"ఊరుకో. గంజి సల్లారిపోతా ఉండాది" అంది.

అవ్వ పోయాక అడ్డుపెట్టేవాళ్లు లేరు. నాయన పిలిచాడు, నేను బతిమాలాను, కొండ మీదకు బస్సులు కూడా పడ్డాయి. అమ్మ మాత్రం, కోడళ్లు పోయి రానీ, ఇంటికాడ ఒకరుండాలి గదా అనేది. ఇప్పుడు మా పిల్లలు ఇంటికి తాళం వేసి, కారెక్కి, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేస్తున్నారు. దీపం మాట వాళ్లకు తెలియదు, ఎవరి కాలూ జారలేదు. సంతోషమే. కానీ ఇంత తేలికైన పనికి ఒక మనిషి జీవితకాలం కాపలా కూర్చుందే అని తలచుకుంటే, అవ్వ మీద, నాయన మీద, నా మీద, చివరికి ఆ స్వామి మీద కూడా మంట రేగుతుంది.

నేను కొండకు పోయి వచ్చినప్పుడల్లా అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగేది, స్వామి ఎట్లా ఉన్నాడు, ఆ పూట ఏ పూలు వేశారు, నడుం మీద చెయ్యి కనపడిందా అని. అందుకని లోపల అందరూ కళ్లు మూసుకుని దండం పెడుతుంటే, నేను చేతులు కూడా జోడించకుండా, కళ్లు పెద్దవి చేసుకుని ఆయన్ను తలనుంచి కిందిదాకా చూసేదాన్ని, ఏదీ మరిచిపోకుండా ఆమెకు చెప్పాలని. అమ్మ పోయాక కొండకు ఒక్కసారే పోయాను. గర్భగుడి ముందు అలవాటు కొద్దీ పూలన్నీ గుర్తుపెట్టుకుని, బయటికి వచ్చి, ఇక ఇవి ఎవరికి చెప్పాలో తెలియక, ప్రసాదం కూడా తీసుకోకుండా దిగి వచ్చేశాను.