మడమ ఎముకకు రెండు నిమిషాలు

దీనమ్మ ఆంటీ, నేను దేశంకాని దేశంలో, ఎటోబికో అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దుతాం. ఆమెకిది పన్నెండో ఏడు. నిలబడీ నిలబడీ కుంటుతోంది.

మా తెలుగు చర్చి సంఘంలో గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్ని ఏడుగురు వివరిస్తారు. "దప్పిగొనుచున్నాను" అనే ఐదో మాట ఆంటీది. ఏటా నాలుగో మాటవారే సమయమంతా తీసుకుంటారు. ఆమె చిన్న ప్రార్థన మాత్రం చేసి కూర్చుంటుంది.

ఈసారి ఎలాగైనా చెప్పాలనుకుంది. యెరూషలేములో దొరికిన ఒక మడమ ఎముక గురించి లైబ్రరీ పుస్తకంలో చదివింది. యేసు కాలంలోనే సిలువ వేయబడిన వేరే మనిషిది. మేకు పక్కనుంచి దిగి, మొన వంగి, ఎముకలోనే ఉండిపోయింది.

"పటాల్లో పాదాల మీద కదా ఆంటీ కొడతారు?" అన్నాను.

"పటం గీసినోడు దగ్గరుండి చూశాడా ఏంటే?" అంది.

శుక్రవారం నాలుగో మాట ఏలియా అంకుల్ నలభై నిమిషాలు చెప్పారు. పాస్టర్ గారు వంగి, "దీనమ్మగారూ, రెండు నిమిషాలే" అన్నారు.

ఆంటీ కాగితం తెరవలేదు. ఎముక సంగతి చెప్పి, "ఆ మేకు ఊడలేదు. అయినా ఇంటివాళ్లు ఆయన్ని తెచ్చుకుని, తర్వాత ఎముకలేరి రాతిపెట్టెలో దాచుకున్నారు. ఆయనకీ దప్పికేసుంటది. ఎవరూ రాయలేదు" అంది.

"యేసయ్య గురించి చెప్పదేంటమ్మా?" అని వెనక ఎవరో గొణిగారు.

ఆంటీ వచ్చి నా పక్కన కూర్చుంది. "చెప్పేశానే" అంది. ఆరో మాట మొదలయ్యేసరికి నిద్రపోయింది. నేను లేపలేదు.