అన్ని ట్రేలూ మావే

ఆ రోజుల్లో నన్ను ఒకచోట కూర్చోబెట్టడం మా ఇంట్లో ఎవరి తరమూ కాలేదు. అన్నం తింటూ లేచి వాకిట్లోకి వెళ్లి వచ్చేదాన్ని. బస్సు కోసం నిలబడితే మాటిమాటికీ రోడ్డు మీదికి వెళ్లి తొంగిచూసేదాన్ని, అలా చూస్తే బస్సు తొందరగా వస్తుందన్నట్టు. (ఇప్పుడు మా అమ్మాయి అదే పని చేస్తుంటే కసురుతున్నాను.) బీఈడీ అయిపోగానే మెట్‌పల్లిలో ఒక చిన్న బడిలో యూకేజీ టీచరుగా చేరాను. చేరాను అంటే పూర్తిగా చేరలేదు. బడి నడిపే పెద్ద మేడం, "ముందుగాల పని చెయ్యి, తల్లిదండ్రుల మీటింగ్ అయినంక ఉంచుడా పంపుడా చూద్దాం" అన్నది. మా బాపు అప్పటికే తన బట్టల దుకాణంలో గల్లాపెట్టె పక్కన నాకు చోటు చూసి పెట్టాడు. "బడి కాకపోతే ఫికర్ లేదు బిడ్డా, దుకాణముంది గదా" అని రోజూ ఓదార్చేవాడు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఒకే పరుపు మీద కూర్చుని చీరలు మడతపెట్టడం తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు.

అందుకని మీటింగులో ఏదో ఒకటి చేసి చూపించాలని తిరుగుతున్నాను. సరిగ్గా అప్పుడే ఆదివారం పేపర్లో చక్కెర వేయకుండా అరటిపండు, ఖర్జూరం, గోధుమపిండితో బిస్కెట్లు చేసే విధానం పడింది. చిన్నపిల్లలతో కూడా చేయించవచ్చని కింద రాసి ఉంది. ఇంకేం, మర్నాడే పెద్ద మేడం ముందు నిలబడ్డాను. ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "షక్కర లేని బిస్కెట్ ఎవలు తింటరమ్మా?" అన్నది. "అందరు తింటరు మేడం" అన్నాను. (ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.) "సరే. వాళ్లు తింటె నువ్వుంటవ్. ముట్టకపోతే ఇగ నేను చెప్పేదేముంది" అన్నది.

మీటింగుకు ముందురోజు క్లాసులో బెంచీలన్నీ గోడకు జరిపి, నేల మీద పాత పేపర్లు పరిచి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టాను. అరటిపళ్లు పిసికే పని మా బుల్డోజర్‌కు ఇచ్చాను. (దారిలో ఏది ఉన్నా నెట్టుకుంటూ నడిచే పిల్లవాడు, వాడికి ఆ పేరు మా బడి ఆయమ్మే పెట్టింది.) వాడు మోచేతుల దాకా పిసికాడు. ఖర్జూరాల్లో గింజలు తీసే జట్టు గింజలు మాత్రం భద్రంగా నాకు అప్పజెప్పింది, ఖర్జూరాలు చాలామటుకు కనబడలేదు. మేము లాయరమ్మ అని పిలుచుకునే పిల్ల ఒకతి పిండిని వాసన చూసి, "షక్కర మర్సిపోయినవ్ టీచర్" అన్నది. "షక్కర వద్దు బిడ్డా, పండ్లల్లనే తీపుంటది" అన్నాను. "మరి మా అవ్వ చాయ్‌ల పండెందుకు ఎయ్యది?" అని అడిగింది. నేను స్టీలు గ్లాసు చేతికిచ్చి, పిండి గుండ్రంగా కొయ్యమని మాట మార్చాను.

బడిలో ఓవెన్ ఎక్కడిది. మా దిక్కు బిస్కెట్లు కావాలంటే పిండి, చక్కెర, నెయ్యి ఇంట్లో కలుపుకుని బజారులో బేకరీ భట్టీకి పట్టుకుపోతాం, వాళ్లు కాల్చి ఇస్తారు. అది రంజాన్ నెల కావడంతో బేకరీ నడిపే చాచా భట్టీ ముందు బెంచీల మీద ట్రేలు వరసగా ఉన్నాయి. నేనూ ఆయమ్మా పిల్లలందరినీ చున్నీ అంచు పట్టించి, రైలులాగా నడిపించుకుంటూ, ట్రే పట్టుకుని చేరాం. "గుర్తు వెట్టుండ్రి మేడం. లేకపోతే ఎవలియి ఎవలికి పోతయో నాకెర్కుండది" అన్నాడు చాచా. అందరూ అలాగే పెడతారు. ఒకరు మూలన లవంగం గుచ్చుతారు, ఒకరు జీడిపప్పు పలుకు అద్దుతారు. నేను పిల్లలకు, "మీ బొటనవేలు నొక్కుండ్రి, గప్పుడు అవి మనయి అయితయి" అని పాఠం చెప్పాను. ఎంత శ్రద్ధగా నొక్కారో చూసి నాకు నేనే మురిసిపోయాను.

ఇక ఆగడం నావల్ల కాలేదు. భట్టీ నోటి దగ్గరికి వెళ్లి లోపలికి చూడటం, "మాయి ఎప్పుడు వెడతవ్ చాచా" అనడం, వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లడం. "మేడం, జర సబర్ చెయ్యుండ్రి. భట్టి యాడికి ఉర్కుతలేదు" అన్నాడు చాచా, మాటలో కోపం లేకుండానే. ట్రేలు ఒక్కొక్కటీ లోపలికి వెళ్లాయి. చివరిది కూడా వెళ్లాక లాయరమ్మ నా చున్నీ లాగింది. "టీచర్, ఇప్పుడు అన్ని మనయే అయినయి" అన్నది. నాకు అర్థం కాలేదు. అది గుప్పిట విప్పింది. గుప్పిట నిండా లవంగాలు. "అందరం అన్నిట్ల ఏలు నొక్కినం. ఇవి మనయి గావు గదా, తీసేసిన." జీడిపప్పు సంగతి నేను అడగలేదు, బుల్డోజర్ నోరు ఇంకా ఆడుతూనే ఉంది.

బిస్కెట్లు బయటికి వచ్చాయి. అన్నీ గోధుమరంగే, అన్నీ గ్లాసుతో కోసినవే, అన్నింటి మీదా చిన్న చిన్న బొటనవేళ్లు. మగ్గాల వాడ నుంచి వచ్చిన ఒక అత్తమ్మ కొంగు బిగించి, "నేను మంచి నెయ్యి వోసి చేసిన, నాయి నాకు గావాలె" అన్నది. పక్కనే తన ట్రే కోసం నిలబడ్డ ఒక ముసలి నానీ నన్ను పైనుంచి కిందికి చూసింది. రుచి చూస్తే తెలిసిపోతుంది, కానీ చాచాకు రోజా ఉపవాసం, పనివాళ్లకు రోజా, నానీకి రోజా. తినగలిగే నోళ్లు అత్తమ్మదీ, ఆయమ్మదీ, నాదీ. మేం ఏం చెప్పినా ఎవరివైపు వాళ్లు చెప్పుకున్నట్టే ఉంటుంది. చివరికి చాచానే, "నొక్కినోళ్లనే తిని చెప్పమనుండ్రి" అని తీర్పు చెప్పాడు.

ఆ మాట చాలు. పిల్లలు ట్రే ట్రేకూ ముక్క కొరికి, "ఇది నెయ్యిది", "ఇది ఇలాచిది" అని చెబుతుంటే, ఎవరివి వాళ్లు గుర్తుపట్టి తీసుకున్నారు. తిట్టుకుంటూ వచ్చిన అత్తమ్మ కూడా చివరికి, "నాయి మల్ల జర తిను బిడ్డా, నిమ్మలంగ చెప్పు" అని వాళ్ల నోటికి అందించింది. చిట్టచివర ఒక ట్రే మిగిలింది. బుల్డోజర్ ఒకటి కొరికాడు. వాడి మొహం చూస్తూనే నేను మనసులో బాపు దుకాణంలో పరుపు మీద కూర్చున్నాను. అంతసేపూ నెయ్యీ చక్కెరా తిన్న నోటికి అరటిపండు ఎక్కడ ఆనుతుంది. వాడు కష్టపడి మింగి, "గిది తియ్యగ లేదు" అన్నాడు. అని, ట్రేను రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు. "గిదే మనది. ఎవ్వలకియ్యను."

మర్నాడు మీటింగులో తల్లిదండ్రులు ఒక్కొక్కటి తీసుకుని, కొరికి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్ద మేడం కళ్లజోడు సర్దుకుంది. నాకు పారిపోవాలనిపించింది. అప్పుడు పిల్లలు ట్రే మీద పడ్డారు. "బాపూ, గిది నా ఏలు, గిదే తిను" అని ఎవరి గుర్తు వాళ్లు వెతికి తెచ్చి పెట్టసాగారు. తినకుండా ఎట్లా ఉంటారు పాపం. బుల్డోజర్ వాళ్ల బాపు మగ్గం పని మీంచి అట్లాగే వచ్చినట్టున్నాడు, చొక్కాకు దూది ఉంది. కొడుకు బొటనవేలున్న గుంటలో తన వేలు పెట్టి చూసుకుని, నెమ్మదిగా మొత్తం తిన్నాడు. ట్రే ఖాళీ అయింది. పెద్ద మేడం కూడా ఒకటి నమిలి, నీళ్లు తాగి, "బిస్కెట్ బాగలేదు. నువ్వైతె ఉండు" అన్నది. నేను వెనక్కి తిరిగి ఏడ్చాను, సంతోషంతోనే.

మొన్న కరీంనగర్ బస్టాండులో నాకంటే పొడుగున్న కుర్రవాడొకడు వచ్చి, "టీచర్, నేను, బుల్డోజర్‌ను" అన్నాడు. కాలేజీలో చేరాడట. "మన బిస్కెట్లు యాదికున్నయా?" అని అడిగాను. వాడు ఆలోచించి, "భట్టికాడ గా అత్తమ్మయి నెయ్యి బిస్కెట్లు మస్తుండె టీచర్. మనం గూడ ఏమన్న చేసినమా?" అన్నాడు. ముందు మనసు చిన్నబోయింది, తర్వాత నవ్వు ఆగలేదు. ఆ ఒక్క ట్రే మీదే బతుకంతా ఉందని భట్టీ చుట్టూ తిరిగిన ఆ పిచ్చి టీచరమ్మ కళ్లముందుకు వచ్చి, ఆమె మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. వాణ్ని పక్క కొట్టుకు తీసుకెళ్లి, నెయ్యి బిస్కెట్లే కొనిపెట్టాను.