తాడు దగ్గర ఆగిన బండి

1925వ సంవత్సరం ఏప్రిల్ 6వ తేదీ, సోమవారం, ఉదయం నాలుగు గంటల నలభై నిమిషాలు. ఆకాశం నిర్మలంగా ఉన్నది, ఆకు కదలడం లేదు, ఆ వేళకే ఉక్క మొదలైనది. విజయనగరంలో బండి ఎక్కాను. పింఛను పుచ్చుకొని ఆరేళ్ళైనా చూడని అరకు లోయను అరవై రెండో ఏటనైనా చూడాలన్నదే ప్రయాణ కారణం. రెండెడ్ల బండికి రానుపోను కిరాయి తొమ్మిది రూపాయలు. బండివాడు అప్పలస్వామి.

అతడు ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి ఆగినప్పుడల్లా వేళ రాసుకున్నాను. రాస్తూండగా ‘ఆగు’ అన్న మాట చెవిన పడడం మొదలైనది. శృంగవరపుకోట పూటకూళ్ళ ఇంట్లో వడ్డించే ఆమెకు దగ్గు ఆగడం లేదు. నా పక్క విస్తరి ఆయన చెప్పులు వానాకాలం దాకా ఆగవట. ఇద్దరు కోమట్లు తగవులాడుకొంటూ నోరు ఆగక భోజనం చల్లార్చుకున్నారు. ముప్పై ఒక్క సంవత్సరాలు కాగితాల మధ్య పనిచేసినా ఒక్క మాట ఇన్ని పనులు చేస్తుందని గమనించలేదు.

ఆ ఊళ్ళోనే మరొక ప్రయాణికుడు బండి ఎక్కాడు. టీకాలు వేసే ఉద్యోగి, పేరు ఇమ్మానుయేలు, వయస్సు ముప్పై లోపు. ఒడిలో తడిగుడ్డ చుట్టిన మట్టికుండ. అందులో తడి ఇసుక, ఇసుకలో మందు నింపిన గాజు గొట్టాలు.

“ఈ ఎండకి మందు ఆగదండి. గురువారం దాటితే ఉత్త నీళ్ళే,” అన్నాడు.

కొండ దిగువన రెండు ఊళ్ళలో అమ్మవారు పోసినదనీ, సంతకు వెళ్ళివచ్చే వాళ్ళతో అది పైకెక్కడం ఖాయమనీ చెప్పాడు. గత సంవత్సరం మూడు కొండ ఊళ్ళకు వెళితే మూడూ ఖాళీయే. టీకాల మనిషి వస్తున్నాడని తెలియగానే పిల్లలను చంకనేసుకొని అడవిలోకి పోయారట. తెచ్చిన మందు పారబోసి దిగివచ్చాడు. ఈసారీ అదే జరుగుతుందేమోనని అతని బెంగ. అది విని, ఏ మజిలీలోనూ ఎనిమిది నిమిషాలకు మించి ఆగరాదని అప్పలస్వామికి ఆజ్ఞాపించాను.

మంగళవారం ఘాటు రోడ్డు ఎక్కాము. ప్రతి మలుపులోనూ అప్పలస్వామి చక్రం కింద రాయి పెట్టి ఎడ్లకు ఊపిరి తీసుకోనిచ్చాడు. ఆ రాత్రి అనంతగిరిలో బస. గది అద్దె నాలుగణాలు, దుప్పటి మనమే తెచ్చుకోవాలి.

బుధవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు, సుంకరమెట్ట దాటాక, దారికి అడ్డంగా తాడు కనిపించినది. రెండు కొసలా స్త్రీలు, వెనుక పిల్లలు. నాకు అది పదకొండో ఆగుడు. అప్పటికే గంటన్నర ఆలస్యం. ఆపవద్దన్నాను.

“సైత్రం పండగ బాబూ. మగోళ్ళు అడవికి ఏటకెల్తారు, ఆడోళ్ళు దారి కాత్తారు. దొరైనా ఆగి ఏటో ఒకటి ఇయ్యాల,” అన్నాడు అప్పలస్వామి, పగ్గం బిగబట్టి.

వాళ్ళు బండిని చుట్టుముట్టారు. గడియారం తీసి చూపించాను.

“ఏటి తాతా, అంత బేగి ఎక్కడికి? నీ పెళ్ళికేటి?” అన్నది ఒకతె. అందరూ నవ్వారు. నేను రెండణాలు ఇచ్చాను.

తాడు పట్టుకొన్న ముసలామె సంతకు పోయివచ్చిన మనిషి కాబోలు, తెలుగు బాగా వచ్చు. ముఖమంతా స్ఫోటకం మచ్చలు. ఇమ్మానుయేలు ఒడిలోకి చూసి, “కుండలో ఏటి? కల్లా?” అన్నది.

అతడు నా వంక చూశాడు. చెబితే పారిపోతారు. చెప్పకపోతే మాకు దారి వదులుతారు, మందు మాత్రం వృథా. నాకు అబద్ధం రాయడం అలవాటు లేదు, చెప్పడమూ లేదు. అమ్మవారు పోయకుండా పిల్లలకు వేసే మందు అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. ఇద్దరు తల్లులు బిడ్డలను ఎత్తుకొని కొండవైపు తిరిగారు. ముసలామె తాడు వదలకుండానే తమ భాషలో ఏదో కేకవేసినది. వాళ్ళు నిలిచిపోయారు.

“మీరు ఊళ్ళోకొత్తే మేం కొండెక్కేత్తాం,” అన్నది మాతో. “ఇయాల ఆపింది మేమే. మేం ఆపినోడు ఇచ్చింది మేం పుచ్చుకోపోతే పండగ సెడిపోద్ది.” గొంతు కొంచెం తగ్గించి, “నాకు ఐదుగురు బిడ్డలు. ఒక్క నెల్లో ముగ్గుర్ని తీసుకుపోయింది తల్లి. ఇదేత్తే ఆగుతాదా?” అన్నది.

ఇమ్మానుయేలు చొక్కా చేయి పైకి మడిచి తన మచ్చ చూపించాడు. “మేం తొమ్మిదిమందిమి అమ్మా. అందరికీ వేయించింది మా అమ్మ. తొమ్మిదిమందిమీ ఉన్నాం.”

ఆమె ఆ మచ్చను బొటనవేలితో తడిమి, మనుమరాలిని ముందుకు తోసినది. పేరు సుక్రి. శుక్రవారం పుట్టినదట. వయస్సు ఎవరికీ తెలియదు గాని వారం తెలుసు. నేను పనస నీడలో కూర్చొని పేర్లు రాశాను. మూడు గంటల ఇరవై నిమిషాలు ఆగాము. గొట్టాలన్నీ ఖాళీ అయ్యాయి.

అరకులో నేను చూసినవి చెప్పడానికి స్థలం చాలదు. లోయ చల్లగా ఉంటుంది, పాలు దొరుకుతాయి, వెళ్ళదలచినవారు నిశ్చింతగా వెళ్ళవచ్చు.

తిరుగు ప్రయాణంలో, టీకా వేసిన ఎనిమిదో రోజున, ఏప్రిల్ 15వ తేదీ బుధవారం తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు ఆ ఊరు చేరాము. తాడు లేదు. పొక్కులు చూడడానికి మాతోనే తిరిగివచ్చిన ఇమ్మానుయేలు, పారిపోయారేమోనని దూరం నుంచే కొండవైపు చూస్తున్నాడు. పనస కింద ముసలామె, ఆమె వెనుక పిల్లలు వరుసగా కుడి భుజాలు చూపుతూ నిలబడి ఉన్నారు. నేనే ముందుగా అన్నాను, బండి ఆపమని.

రానుపోను ఆగినది ఇరవై మూడు సార్లు. ఆ ఊళ్ళో టీకా వేసినది ముప్పై ఏడుగురికి. ఆ రోజు లెక్కకు వచ్చినవారు ముప్పై ఏడుగురు. పొక్కు లేచి టీకా పట్టినది ముప్పై నలుగురికి, సుక్రితో కలిపి. మిగిలిన ముగ్గురి పేర్లూ విడిగా రాసి ఇమ్మానుయేలు చేతికిచ్చాను.