పడటం నేర్పిన డ్రిల్లు టీచరుగారు

సోమవారం పొద్దున్న మా అక్క ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "టీచరుగారు పోయారే" అంది. నిద్రలోనే పోయారట. ఆ వెంటనే అక్కే, "అంతమందికి పడటం నేర్పి, ఆవిడ మాత్రం పడకుండా మంచం మీదే తప్పించుకున్నారు చూడు" అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత ఏడ్చాం. నవ్వు ముందు వచ్చినందుకు ఆవిడ తప్పకుండా సంతోషించి ఉంటారు.

ఐదారేళ్ల కిందట ఆదివారాలు విశాఖ బీచ్‌కి వెళ్లినవాళ్లు ఆవిడని చూసే ఉంటారు. నేత చీర, తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో విజిల్. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. చుట్టూ ఏడెనిమిది మంది ఉండేవారు. కొందరికి చంకకర్రలు, కొందరికి పోలియో కాళ్లని నిటారుగా పట్టి ఉంచే ఇనప క్యాలిపర్లు. ఆవిడ విజిల్ ఊదగానే అందరూ ఇసుకలో దబ్బుమని పడేవారు. మళ్లీ ఊదితే ఎవరికి వాళ్లే లేచేవారు. చుట్టుపక్కలవాళ్లు దానికి 'పడిపోయే బడి' అని పేరు పెట్టారు. ఆ పేరు విని ఆవిడ పడీపడీ నవ్వారట.

కూర్చుని స్టవ్ మీద వంట చేయటం, బకెట్టు ఒలక్కుండా నేల మీద జరుపుకుపోవటం, తోడు లేకుండా సిటీ బస్సెక్కటం, అన్నీ నేర్పేవారు. పాత టౌన్‌లో గడియారాలు బాగుచేసే భాయ్ ఒకాయన ఉండేవాడు. ఆయనకీ ఒక కాలు లేదు. అందరి కర్రల అడుగున సైకిలు టైరు ముక్కలు కోసి తొడిగేది ఆయనే. ఏది నేర్చుకోవాలన్నా మొదటి పాఠం మాత్రం పడటమే.

తొమ్మిదో ఏట జ్వరమొచ్చి కాళ్లు చచ్చుబడి, చంకకర్రల మీద నడిచే అక్కని తీసుకెళ్లిన రోజున ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతవరకూ ఎన్నిసార్లు పడిందమ్మా?"

మా అమ్మ గోదావరి మనిషి. నాన్నకి పోర్టులో ఉద్యోగమొచ్చి ఇక్కడికి వచ్చింది గాని, అండీ మాత్రం వదల్లేదు. "ఒక్కసారి కూడా పడనివ్వలేదండి. పద్నాలుగేళ్లుగా పక్కనే ఉంటన్నానండి" అంది గర్వంగా.

"ఓలమ్మా, అయితే ఈ గుంటకి ఏటీ రాదన్నమాట" అన్నారు టీచరుగారు.

అమ్మకి ఎంత కోపమొచ్చిందంటే, తర్వాతి వారం నుంచి రానంది. నేను వెళ్లాను. బి.ఎ. పాసై, ఏ పనిలోనూ మూడు నెలలు నిలవకుండా తిరుగుతున్న రోజులవి. అక్క మొదటిసారి పడగానే ఒక్క పరుగున వెళ్లి చంకల కింద చేతులు వేశాను. చెవి పక్కనే విజిల్ మోగింది.

"ఏటి సేత్తన్నావ్?"

"లేపుతున్నానండీ."

"నీకేటీ పని లేదేటి?"

"లేదండీ" అన్నాను నిజాయితీగా. భాయ్ ఇసుకలో పడుకునే నవ్వాడు.

"అయితే నీ సేతుల మీద నువ్వు కూకో. ఇదే నీ పని."

అరచేతులు కిందపెట్టి వాటి మీద కూర్చున్నాను. కాలేజీలో నేర్చుకున్న దేనికీ ఇంత కష్టపడలేదు. అటుగా వచ్చిన మనుషులు అక్కని లేపబోతే, అదే విజిల్ వాళ్లకీ. "జాలి లేదేటి ముసల్దానికి" అని ఒకడు గొణిగితే, "ఉంది నాయినా, ఇంటికాడ ఒగ్గీసి వచ్చాను" అన్నారు.

పడేటప్పుడు ముందు కర్రలు రెండూ దూరంగా విసిరేయాలి. మా అక్క వాటిని వదిలేది కాదు. "పట్టుకున్నది వదిల్తేనే కదే సేతులు పనికొచ్చేది" అని ఆవిడ వందసార్లు చెప్పి ఉంటారు. కర్రలు గాలిలోకి ఎగిరిన ఆదివారం, భాయ్ అందరికీ టీ పోయించాడు.

అంతలో ఉక్కునగరంలో ఒక ఆఫీసు నుంచి అక్కకి టెలిఫోన్ ఆపరేటరుగా చేరమని కబురొచ్చింది. మా ఇంటి నుంచి రోజూ రెండు బస్సులు మారి వెళ్లటం కుదరని పని. ఆ పక్కనే కూర్మన్నపాలెంలో గది తీసుకుని ఒక్కర్తీ ఉండాలి. అమ్మ ససేమిరా అంది. అమ్మ ఒప్పుకోకపోతే ఆ ఉద్యోగం లేదు, ఇంకోటి వస్తుందన్న నమ్మకమూ లేదు. టీచరుగారు మా ఇంటికే వచ్చారు.

"అక్కడ పడితే ఎవరు లేపుతారండీ?" అని అడిగింది అమ్మ.

"ఎవులూ లేపరు. గది సూసొద్దాం, రా అమ్మా."

ఆ రోజు వాన. కూర్మన్నపాలెంలో బస్సు దిగుతుంటే ఎర్రమట్టి బురదలో అక్క కర్ర జారింది. ఇది పాఠం కాదు, కింద ఇసుకా లేదు. అక్క కర్రలు రెండూ విసిరేసి, మొహం పక్కకి తిప్పి, అరచేతుల మీద పడింది. అమ్మ ముందుకి ఉరికింది. టీచరుగారు అమ్మ మణికట్టు పట్టుకున్నారు. డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడ్డ నలుగురు పరుగెత్తుకొచ్చారు.

"ఎవరూ ముట్టుకోకండి బాబూ, నేనే లేస్తాను" అంది అక్క, మూతినిండా బురదతో. పాకుతూ వెళ్లి కర్రలందుకుంది. లేవబోయి మళ్లీ జారింది.

ఆ నలుగురిలో ఒకాయన అమ్మ వైపు తిరిగి, "కన్నతల్లివి, అలా సూత్తా నిలబడ్డావేటమ్మా?" అన్నాడు.

అమ్మ అక్క మీంచి చూపు తిప్పలేదు. "లేస్తదండి. దానికి వచ్చండి" అంది.

రెండోసారి అక్క లేచి నిలబడింది. తర్వాత బస్టాపుకి ఎదురుగానే ఉన్న గదికి వెళ్లాం. అమ్మ ఇంటావిడని అడిగింది ఒక్కటే: "కుళాయి ఎన్నింటికి వస్తదండీ?" టీచరుగారు నా వీపు మీద ఒక్కటి చరిచారు. ఇప్పటికీ ఆ దెబ్బ తెలుస్తూనే ఉంది.

అక్కని ఆ గదిలో దింపి వచ్చిన రోజు, "ఎవులూ ఎనక్కి సూడకండి. సూత్తే దానికి కాలాడదు" అని ఆవిడ మాకు గట్టిగా చెప్పారు. అమ్మా నేనూ బస్సులో ముందు సీట్లో మెడలు బిగబట్టి కూర్చున్నాం. టీచరుగారు పక్కన లేరు. ఉండబట్టలేక తిరిగి చూశాను. ఆవిడ ఆఖరి సీటు మీద మోకాళ్లేసి, వెనక అద్దానికి మొహం ఆనించి ఉన్నారు.

"ఏం కనిపిస్తందండీ?" అని అమ్మ ముందుకే చూస్తూ అడిగింది.

"తలుపేసీసుకుందమ్మా" అన్నారు టీచరుగారు, పరీక్ష పాసైన పిల్లలా. బస్సు కదిలింది. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆవిడ ఆ మూసిన తలుపునే చూస్తూ ఉన్నారు.