ఐసులోంచి బయటికి తీసిన సీసా

మా తిరువూరులో బీరు తాగేవాడు బీరు పేరు అడగడు. "కూలింగ్ ఉందా?" అని అడుగుతాడు. మామిడికాయల లారీ నింపి వచ్చినవాడికైనా, నాలాగా రోజంతా సుద్దముక్కలు అరగదీసి వచ్చినవాడికైనా కావలసింది పళ్ళు జివ్వుమనడమే. ఆ జివ్వుమనడానికి ఊళ్ళో ఒకే ఒక పూచీ, రాయప్ప. బస్టాండు దగ్గర బార్‌లో ఇరవై రెండేళ్ళుగా సర్వర్. ఐసులో ఉప్పు ఎంత చల్లాలో, సీసాని ఎంతసేపు పడుకోబెట్టాలో, గడ్డకట్టకముందే ఎప్పుడు లేపాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. లేనిపోని గొప్పలు నాకు గిట్టవు గాని, విస్సన్నపేట నుంచి షేర్ ఆటో ఎక్కి వచ్చి మరీ ఆయన చేతి బీరు తాగేవాళ్ళున్నారు.

చిత్రమేమిటంటే ఆయన చుక్క ముట్టడు. మా మొహాలు చూసే మందు సంగతి నేర్చుకున్నాడు. మొదటి గుక్కకి కనుబొమలు ముడిపడ్డాయా, రెండో గుక్కకి ఎంతసేపు పట్టింది, గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడా మెల్లగా పెట్టాడా, అన్నీ గోడకానుకుని చూస్తుంటాడు. ఒకరోజు నేనడక్కుండానే పల్లీలు తీసేసి ఉడికించిన సెనగలు పెట్టాడు. నాకు పన్నునొప్పి అని అప్పటికి నేనెవరికీ చెప్పలేదు.

ఇంత పనిమంతుడికీ తన పని పేరు చెప్పుకోవాలంటే నామోషీ. కూతురు జాస్మిన్ మా స్కూల్లోనే చదివింది. పదో తరగతి పరీక్ష ఫారం నేనే నింపాను. తండ్రి వృత్తి అన్నచోట ఆగి తలెత్తితే, "హోటల్ అని రాయండి మేష్టారూ. బార్ అంటే పిల్లకి బాగోదు," అన్నాడు. అలాగే రాసేశాను. ఆ సాయంత్రం ఆయన పోసిన బీరే తాగాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ జాస్మిన్ మైక్రోబయాలజీ చదివి నాసిక్ దగ్గర వైన్ తయారుచేసే కంపెనీలో చేరింది. తండ్రి పోస్తాడు, కూతురు చేస్తుంది అని చర్చి బయట కొందరు నవ్వారు. "అది ల్యాబ్ పనండీ" అని చెప్పీ చెప్పీ తల్లి మేరమ్మకి నోరు నొప్పి పుట్టింది.

మొన్న మే నెలలో ఆ పిల్ల సెలవు మీద వస్తూ మూడు సీసాలు తెచ్చింది. మొట్టమొదటిసారి తన సొంత బాధ్యత మీద చేసిన వైన్. దాన్ని బీరు తాగేవాళ్ళకి అలవాటు చేయాలని కంపెనీవాళ్ళ ఆలోచన. కానీ ఏ ఊళ్ళో పోసినా బీరువాళ్ళు ఒక్క గుక్కతో గ్లాసు పక్కన పెట్టేస్తున్నారట. ఈ సెలవు అయ్యేలోపు ఏదో ఒక దారి చూపించకపోతే దాన్ని ఇక చెయ్యనివ్వరు. "బీరు తాగేవాళ్ళ నోరు నీకు తెలిసినంత మా ఆఫీసులో ఎవరికీ తెలీదు నాన్నా," అని తండ్రి దగ్గరికొచ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక రాయప్ప నన్నూ, మామిడి యార్డులో కాటా వేసే యేసుబాబునీ ఇంటికి పిలిచాడు. ఆయన ఎరిగినవాళ్ళలో బీరు తప్ప ఇంకోటి ముట్టని మొండివాళ్ళం మేమిద్దరమేనట. పొద్దున్నే సీసాలు తన పద్ధతిలో ఉప్పు చల్లిన ఐసులో పెట్టేశాడు. మొదటిది తీసి, బీరు గ్లాసుల్లో నిండా పోశాడు. ముదురు తేనె రంగు.

"కమలాపళ్ళు వేశారా అమ్మా?" అన్నాడు యేసుబాబు.

"లేదు బాబాయ్, తెల్లద్రాక్షే. మామూలుగా అయితే రసం పిండేసి తొక్క పారేస్తారు. నేను తొక్కలతోనే ఇరవై ఆరు రోజులు నానబెట్టాను. ఆ రంగు తొక్కదే."

యేసుబాబు ఒక్క గుక్కలో సగం లాగించి మొహం వికారంగా పెట్టాడు. "ఓరి దేవుడా! పచ్చి జామకాయ నమిలినట్టుందేంటి!"

పిల్లని చదివించినవాణ్ణి కదా, అబద్ధమాడదామనుకున్నాను. నా మొహం సహకరించలేదు. "మీరూ అంతేనా మేష్టారూ," అంది జాస్మిన్. లాప్‌టాప్ తెరిచి ఏదో కొట్టి, మూసేసింది.

నేనూ యేసుబాబూ గాలివానకి రాలిన కాయల గురించి మొదలుపెట్టాం. రాయప్ప మాత్రం మాటల్లో లేడు. గోడకానుకుని యేసుబాబు గ్లాసునే చూస్తున్నాడు. అరగంట అయ్యాక అడిగాడు.

"యేసుబాబూ, గ్లాసు ఖాళీ చేశావే?"

యేసుబాబు గ్లాసు చూసుకుని తెల్లబోయాడు. "అవునన్నా. మాటల్లో పడి తాగేసినట్టున్నాను. తర్వాత తర్వాత అంత వగరనిపించలేదు."

"ఆఖరి మూడు గుక్కలకీ నీ మొహం మారలేదు. అప్పటికి చల్లదనం పోయింది." కూతురి వైపు తిరిగాడు. "అమ్మా, మీవాళ్ళు దీన్ని ఎలా పోయమంటున్నారు?"

"బీరువాళ్ళు కదా అని, బీరంత చల్లగా."

"అదే తప్పు. నేనూ అదే చేశాను."

రెండో సీసాని ఐసులోంచి బయటికి తీశాడు. మూత తియ్యడానికి కాకుండా రాయప్ప సీసాని ఐసులోంచి తియ్యడం నా జన్మలో అదే చూడటం. తడిగుడ్డ చుట్టి నీళ్ళకుండ పక్కన నీడలో పెట్టాడు. ముప్పావుగంట ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఈలోగా మేరమ్మ చేత కొవ్వుముక్కలతో మటన్ వేపుడు చేయించాడు. బీరు గ్లాసులు లోపల పెట్టించి, టీ గ్లాసుల్లో సగం సగం పోశాడు.

"గటగటా తాగొద్దు మేష్టారూ. ఇది దాహానికి కాదు, ముక్కకి. ముందు ముక్క నమలండి."

నమిలాను. ఒక చిన్న గుక్క తీసుకున్నాను. మామిడితాండ్ర వాసన వచ్చింది. వెనకే రసంపండు తొక్క చీకినప్పటి వగరు, నోట్లో కొవ్వునంతా శుభ్రంగా తుడిచేసింది. నోరు మళ్ళీ ముక్క అడిగింది, ముక్క మళ్ళీ గుక్క అడిగింది. యేసుబాబు గ్లాసు మెల్లగా కింద పెట్టి, మళ్ళీ ముందుకు జరిపాడు.

"ఇంకొంచెం పొయ్యన్నా."

"రాసుకోమ్మా," అన్నాడు రాయప్ప. బార్‌లో ఆర్డరు చెప్పే గొంతే.

జాస్మిన్ లాప్‌టాప్ తెరిచింది. ఐసు వద్దు, చిన్న గ్లాసు, పక్కన కొవ్వున్న మాంసం, దాహం తీరాకే పొయ్యాలి అని తండ్రి చెప్పిందంతా కంపెనీకి పంపే రిపోర్టులో ఎక్కించింది. అడుగున పరీక్ష చేసినవారి పేరు, వృత్తి అని ఉంది. ఆగి నావైపు చూసింది. నాకు ఆ పాత ఫారం గుర్తొచ్చి తల వంచుకున్నాను.

"హోటల్ అని..." అనబోయాడు రాయప్ప.

"హోటల్‌వాళ్ళకి ఇది తెలీదు నాన్నా," అంది. కొడుతూ పైకి చదివింది. "రాయప్ప. బార్ సర్వర్. ఇరవై రెండేళ్ళ అనుభవం."

మేరమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. నా ఛాతీ నాకే పెద్దదైనట్టనిపించింది. రాయప్ప భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. కూతురి వెనక్కి వచ్చి, ఆ ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, తన పేరు తనే ఒకసారి కూడబలుక్కున్నాడు.

"పక్కన తిరువూరు అని కూడా రాయమ్మా," అన్నాడు.