గేటు దాటితే సాబ్

ఈ రోజు ఒక పెద్దాయన వంతు నేను వాడుకున్నాను. నేను అడగలేదు, ఆయనే ఇచ్చాడు. ఇచ్చినా తీసుకోకూడదని నాకు ఆ క్షణాన తోచలేదు. సైన్యంలో సుబేదారుగా రిటైరై ఇంటికొచ్చి ఇన్నేళ్లయినా తోచలేదంటే, నా జబ్బు కంట్లోనో మోకాలిలోనో లేదని అర్థం.

నేను గురజాలలో ఉంటాను. మాజీ సైనికుల కోసం పెట్టిన క్లినిక్ మాకు చాలా దూరం. తెల్లవారుతూనే బస్సెక్కితే, పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి లారీలు దారిస్తే, కౌంటరు తెరిచే వేళకు చేరతాం. లారీలు దారివ్వకపోతే క్యూ చివర నిలబడతాం. పెద్దాయన నాకంటే దూరం నుంచి వస్తాడు. వాళ్ల ఊరు వెల్దుర్తి అవతల. అక్కడి నుంచి ఆటోలో వెల్దుర్తి, ఇంకో బండిలో మాచర్ల, మాచర్లలో ఈ బస్సు. దేశం కోసం తుపాకీ మోసినవాడికి వైద్యం ఉచితమే. దాని దగ్గరికి చేరడానికే ఒంట్లో శక్తి ఉండాలి.

ఆయన నాకంటే చాలా కింది ర్యాంకులో, నాయక్‌గా రిటైరై వచ్చి, మిరప, పత్తి వేసుకుని బతికాడు. నాకంటే పదేళ్లు పెద్ద. చుట్టం కాదు గానీ బాబాయ్ అంటాను. బస్సు గురజాలలో ఆగేసరికి పక్క సీట్లో తన తువ్వాలు వేసి ఉంచుతాడు. ఎవరన్నా కూర్చోబోతే, "మావోడొస్తన్నాడు, లెగు" అని కసురుతాడు.

బస్సులో నేను ఆయనకు అబ్బాయిని. "ఒరేయ్, నీ మోకాళ్లు ఎట్టున్నయ్? అన్నం తగ్గించరా, పొట్ట చూడు, నిండు చూలాలి లాగ" అంటాడు. క్లినిక్ గేటు దాటామో లేదో మాట మారిపోతుంది. చేతులు ఒంటికి అంటుకుంటాయి. "సాబ్, మీరు కూర్చోండి సాబ్." ఎన్నోసార్లు వద్దన్నాను. గట్టిగా అనలేదు. ఆ మాట వినడానికి బాగుంటుంది, అదీ నిజం.

క్లినిక్ హాల్లో ముందు వరస కుర్చీలు ఆఫీసర్లకూ మాలాంటి సుబేదార్లకూ అని ఎక్కడా రాసి లేదు. అయినా జవాన్లుగా రిటైరైనవాళ్లు ఎవరూ ఆ వరసలో కూర్చోరు. కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనక గోడకు ఆనుకుని నిలబడతారు. నంబరు పిలిస్తే, అడుగు వేసే ముందు ఒకసారి చుట్టూ చూస్తారు, తమకంటే పెద్ద ర్యాంకువాడు ఎవరన్నా ఉన్నాడేమోనని. పింఛను తీసుకునే ముసలివాళ్లం అందరం. ఉద్యోగం మమ్మల్ని వదిలిపెట్టింది, మేమే దాన్ని వదల్లేదు.

ఈ రోజు కంటి డాక్టరు వచ్చే రోజు. ఆమె వారానికి ఒక్కసారి, అదీ మధ్యాహ్నం భోజనాల వేళ దాకానే ఉంటుంది. నాకు కళ్లద్దాల పవర్ చూపించుకోవాలి. పేపరు చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి, అంతే. సాయంత్రం పిడుగురాళ్లలో మా బావమరిది ఇంట్లో శుభకార్యం. బస్సులో ఫోన్ చూసుకుంటూ, ఏ వేళకు చేరాలో, ఎవరిని ఎక్కడ కలుపుకుని వెళ్లాలో మాట్లాడుకుంటూ ఉన్నాను. పెద్దాయన పక్కన కూర్చుని ఏదో చెబుతున్నాడు. ఊఁ, ఊఁ అన్నాను. ఏం చెప్పాడో వినలేదు.

బస్సు దిగాక నేను ఇడ్లీ తినడానికి ఆగాను. ఆయన ఆగకుండా వెళ్లి ముందు టోకెన్ తీసుకున్నాడు. నేను చేరేసరికి హాలంతా నిండిపోయి ఉంది, కౌంటరు దగ్గర సర్వర్ లేదు. సర్వర్ వచ్చాక చాలామందికి వేలిముద్ర పడలేదు. సేద్యం చేసిన చేతులకు గీతలు ఎక్కడుంటాయి? "చెయ్యి తుడుచుకో తాతా, ఇంకో వేలు పెట్టు, ఇంకొకటి పెట్టు" అని కౌంటరు అమ్మాయి అంటూనే ఉంది. ఒకాయన పది వేళ్లూ పెట్టి, "కాలి వేళ్లు కూడా పెట్టమంటావా అమ్మా?" అని అడిగాడు. అందరం నవ్వాం. నవ్వడం తప్ప అక్కడ చేయగలిగిందేమీ లేదు.

పొద్దెక్కింది. అప్పుడు పెద్దాయన నంబరు పిలిచారు. గోడ దగ్గర నుంచి కదిలాడు, ఆగాడు, చుట్టూ చూశాడు. ముందు వరసలో గడియారం చూసుకుంటున్న నేను కనిపించాను.

"మీరు పొండి సాబ్. మీకు ఫంక్షన్ ఉందంటిరిగా."

"పర్లేదా?" అన్నాను.

సుబేదారు అలా అడిగితే నాయక్ చెప్పే జవాబు ఒక్కటే. నేను లోపలికి వెళ్లాను.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి, మర్యాదస్తురాలు. పవర్ చూడటం ఎంతోసేపు పట్టలేదు. ఆ తరువాత, మంచు కొండల మీద పనిచేస్తే కళ్లకు ఏమన్నా అవుతుందా అని ఆమె ఒక మాట అడిగింది. అంతే, నేను మొదలుపెట్టాను. మంచు, గాలి, గడ్డకట్టిన కిరసనాయిలు. నేను రేషన్ల లెక్కలు చూసినవాణ్ణి. పైనున్న పోస్టులో ఉన్నది పెద్దాయనలాంటి వాళ్లు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

బయటికొచ్చేసరికి మళ్లీ సర్వర్ పోయింది. అది వచ్చేలోపు డాక్టరు బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. ఆమె వేళ అయిపోయింది, ఆమె తప్పేమీ లేదు. "మిగతా కంటి టోకెన్లు వచ్చే వారం" అని కౌంటరు అమ్మాయి కేకేసింది.

"అట్నేనమ్మా" అన్నాడు పెద్దాయన.

బస్టాండుకు నడిచాం. నేను ముందు, ఆయన వెనక. ఒక బస్సు వచ్చి మా ఎదురుగా ఆగింది. అద్దం మీద ఇంతింత అక్షరాలతో మాచర్ల అని ఉంది.

"ఏ బస్సురా అది?" అని అడిగాడు.

తిరిగి చూశాను. ఆయన తల కొంచెం పక్కకు వంచి, ఎడమ కన్నుతో ఆ అద్దాన్ని వెతుకుతున్నాడు. కుడి కన్ను పోయిన సంగతి నాకు తెలుసు, కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు వల్ల పోయింది. ఎడమది బాగానే ఉందనుకున్నాను.

"నీకు కనపడటం లేదా బాబాయ్?"

"పొద్దున్నే చెప్పా గదరా. దీపం చుట్టూ రంగులు కనపడతన్నయ్, తల పగిలిపోతంది అని. చుక్కల మందు అయిపోయి చానా రోజులైంది, ఈడ స్టాకు లేదంటన్నారు. కుడి కంటికి ముందు కూడా ఇట్టానే అయింది. లేజర్ చేపించాల, ఆలస్యమైతే ఇది కూడా పోద్దని బయట కంటాసుపత్రిలో అన్నారు. ఆ కాయితం రాపిచ్చుకుందామనే వచ్చా."

ఆ కాయితం అంటే రిఫరల్. క్లినిక్ డాక్టరు రాసిస్తేనే బయట ఆసుపత్రి చేర్చుకుంటుంది.

"మరి లోపల నీ వంతు నాకెందుకిచ్చావ్? నాకు ఎందుకు చెప్పలేదు?" గట్టిగానే అరిచాను. పక్కనున్నవాళ్లు చూశారు.

"బస్సులో చెప్పా. నువ్వు ఫోన్ చూసుకుంటన్నావ్. లోపలెట్టా చెప్తా? లోపల నువ్వు సుబేదారువి."

ముందు ఆయన మీదే కోపం వచ్చింది. ఆ తరువాత సర్వర్ మీద, స్టాకు లేని మందు మీద, వారానికి ఒక్క పూట వచ్చే డాక్టరు మీద, మా ఊళ్లకు ఇంత దూరంలో ఈ క్లినిక్ పెట్టినవాళ్ల మీద. అన్నీ కోపం రావాల్సినవే. కానీ ఈ రోజు ఆ సర్వర్ కాసేపు పనిచేసింది, డాక్టరు కుర్చీలో ఉంది. ఆ కాసేపూ నేను గడ్డకట్టిన కిరసనాయిలు గురించి చెప్పాను.

అదే సమయానికి మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏందయ్యా, బయలుదేరావా? ఈడ అందరూ నిన్నే అడుగుతన్నారు." జరిగింది చెప్పాను.

"గుడ్డోణ్ణి బయట నిలబెట్టి ఆ కుర్చీలో కూర్చుని అద్దాలు రాపిచ్చుకున్నావా? ఇంకేం, ఆ అద్దాలు పెట్టుకుని ఫంక్షన్‌కి రా, అందరూ చూస్తారు" అని పెట్టేసింది.

మాచర్ల బస్సు వెళ్లిపోయింది. మేం వెనక్కి నడిచాం. "వొద్దురా, వచ్చే వారం వద్దాంలే" అని పెద్దాయన గేటు దాకా అంటూనే ఉన్నాడు. గేటు దాటాక మాట ఆపేశాడు.

క్లినిక్ చూసే ఆఫీసరు రిటైరైన కల్నల్. బల్ల సొరుగు తాళం వేసుకుంటున్నాడు. ఎదురుగా నిటారుగా నిలబడి చెప్పాను. ఈయన నంబరు పిలిచారు సార్, ఆ వంతులో నేను వెళ్లాను, లోపల అవసరం లేని కబుర్లు చెప్పాను, ఈయన కన్ను పోయేలా ఉంది. చాలా ఏళ్లకు ఒక పై అధికారి ముందు నిలబడి నా తప్పు నేను చెప్పుకున్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి ముఖం రుద్దుకున్నాడు. "సుబేదార్ సాబ్, ఇక్కడ ర్యాంకులు లేవని గోడ మీద రాయించమంటారా?"

"రాయించినా మేం చదవం సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. లేచి పక్క గదిలోకి వెళ్లాడు. జనరల్ డాక్టరు ఇంకా ఉన్నాడు. పెద్దాయన సంచీలో ఉన్న పాత కంటాసుపత్రి కాయితాలు చూసి, కంట్లో లైటు వేసి చూసి, "దీనికి కంటి డాక్టరే రాయాలని లేదు, నేను రాస్తాను" అన్నాడు. పొద్దుటి నుంచి ఈ మాట మాకు ఒక్కరూ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు, నాతో సహా.

రాయడానికి మళ్లీ సర్వర్ కావాలి. కౌంటరు అమ్మాయి ఇంటికి వెళ్లడానికి సంచీ సర్దుకుని కూడా మళ్లీ కూర్చుంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంది. నలుగురం దాని వంకే చూశాం, పెద్దాయన తప్ప. ఆయన కళ్లు మూసుకుని కణతలు నొక్కుకుంటున్నాడు. చక్రం ఆగింది, వేలు పెట్టమంది. వేలు పడలేదు. నేను నా చొక్కా కొసతో ఆయన బొటనవేలు తుడిచాను. మళ్లీ పెట్టాం, పడింది. ఆ అమ్మాయి "హమ్మయ్య" అని గట్టిగా అనేసింది.

ఆ కాయితం పట్టుకుని ఆటోలో కంటాసుపత్రికి వెళ్లాం. అక్కడ మళ్లీ క్యూ, మళ్లీ టోకెన్. డాక్టరు గది తలుపుకు దగ్గరగా ఒకే ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. నేను పరిగెత్తి, ఆయన భుజం మీది తువ్వాలు లాగి ఆ కుర్చీలో వేశాను. ఎవరో కూర్చోబోయారు. "మా బాబాయ్ వస్తన్నాడు, లెగండి" అన్నాను.

ఆయన వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి మీసాలు మెలితిప్పి, చేతికర్ర పట్టుకుని ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. నడక చూస్తేనే తెలుస్తుంది, ఆఫీసరుగా చేసినవాడు. చూపు సగం పోయినవాడికి ఆ బూట్ల చప్పుడు చాలింది. పెద్దాయన కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి లేవబోయాడు.

ఆయన భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కాను. "కూచో బాబాయ్. నీ నంబరే."

"ఆయన పెద్ద సాబ్‌రా."

"అయితే నిలబడతాడు. కాళ్లున్నయ్ గదా."

ఆ పెద్దమనిషి విన్నాడు. నా వైపు ఒకసారి చూసి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నంబరు పిలిచారు. ఈసారి ఆయన చుట్టూ చూడకుండా నేను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. మందు వేసి ఒత్తిడి తగ్గించి, కాసేపాగి లేజర్ చేశారు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలుస్తుంది, చుక్కలు మాత్రం మానకూడదు అన్నాడు డాక్టరు. క్లినిక్‌లో చుక్కల మందు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎదురుగా మందుల షాపులో నేను కొన్నాను. పెద్దాయన నోరు తెరవబోతే, "గేటు బయట ఉన్నాం. ఇక్కడ నువ్వు నాకు బాబాయివి, నోరు మూసుకో" అన్నాను.

"బాబాయిని నోరు మూసుకోమంటావురా ఎదవా" అన్నాడు. అప్పుడు నా మనసు కొంచెం కుదుటపడింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకిచ్చాను. పిడుగురాళ్లలో లారీల మధ్య బస్సు ఆగినప్పుడు మా ఆవిడ ఫోన్ చేసింది. పెద్దాయన్ని ఇంట్లో దింపి వస్తానని చెప్పాను. "దింపు" అంది. ఫోన్ కట్టేసి సంచీలో అడుగున పెట్టాను.

"పొద్దున ఏం చెప్పావో మళ్లీ మొదటి నుంచి చెప్పు బాబాయ్" అన్నాను.

"ఏందిరా చెప్పేది, ఇప్పుడు అయిపోయిందిగా."

"అయినా చెప్పు."

చెప్పాడు. దీపం చుట్టూ రంగుల దగ్గర మొదలుపెట్టి, మిరప చేలో కలుపేదో మొక్కేదో తెలియక చేత్తో తడుముకోవడం, ఆకు వాసన చూసి పీకడం, ఆ సంగతి పిన్నికి తెలియకుండా ఉండాలని ముందే లేచి చేలోకి పోవడం. బస్సు గురజాలలో ఆగింది. కండక్టరు నా వైపు చూశాడు. నేను దిగలేదు.