వెళ్లిపోయే అధ్యక్షుడిపై అమ్ములుగారి అవిశ్వాసం

సుధాకరరావుగారు సింగపూర్ వదిలి వెళ్లడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా, ఆయన్ని మా తెలుగు సంఘం అధ్యక్ష పదవి నుంచి దింపాలంటూ ఇరవై ఇద్దరు సభ్యులు సంతకాలు పెట్టిన కాగితం నా చేతికొచ్చింది. సంఘం కార్యదర్శిని నేనే. చదవగానే ఒళ్లు మండింది. విమానం టికెట్ కొనుక్కున్న మనిషిని కుర్చీ దిగమనడమేమిటి? వీళ్లకు ఆదివారాలు పొద్దుపోవడం లేదా అనుకున్నాను. తీరా మొదటి సంతకం చూశాక నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. బడిపిల్లలకు రాసి చూపించినట్టు గుండ్రంగా, తీరిగ్గా ఉంది ఆ సంతకం. అమ్ములు.

అమ్ములుగారు మలేషియాలో పుట్టిన తెలుగావిడ. పేరాక్‌లో ఒక కొబ్బరితోటల ఎస్టేటు. ఆవిడ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వెళ్లాడట. ఎస్టేటులో మధ్యాహ్నంపూట గుమాస్తా ఒకాయన నడిపిన బడిలో రెండో వాచకం దాకా చదివారు. పందొమ్మిదో ఏట సింగపూర్ వచ్చి చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరారు. వెంట్రుక కంటే సన్నని బంగారు తీగలను మైక్రోస్కోప్‌లో చూస్తూ అతికించే పని. ఇరవై ఆరేళ్లు అదే చేశారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, టోవా పాయోలో తను ఉండే ఫ్లాట్ల బ్లాక్ కింద ఒక గది అడిగి పుచ్చుకుని, ప్రతి ఆదివారం సంఘం తరఫున మా పిల్లలకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టారు. పదకొండేళ్లు నేర్పారు. పైసా తీసుకోలేదు.

ఆవిడ పాఠం చెప్పే తీరే వేరు. ఫ్యాక్టరీలో ప్రతి ట్రే మీదా అది చేసినవాళ్ల నంబరు ఉండేదట. ఆవిడ నంబరు మూడు వందల పద్దెనిమిది. తప్పు చేస్తే మళ్లీ చేయించేవారు గానీ, నంబరు వెయ్యకుండా ట్రే ముందుకు తోస్తే మాత్రం ఊరుకునేవారు కాదట. ఆ అలవాటుతోనే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక నంబరు ఇచ్చారు. రాసిన పేజీ మూల ఎవరి నంబరు వాళ్లు వేసుకోవాలి. తలకట్టు మరిచిపోతే ‘రిజెక్ట్’, బాగుంటే ‘పాస్’. రిజెక్ట్ అయిన పేజీని పిల్లలు పతకంలా ఒకరికొకరు చూపించుకుని నవ్వుకునేవారు. మా అమ్మాయి ప్రణవి నంబరు పద్నాలుగు. ఇంట్లో నా మాటకు ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల, ఆదివారం మాత్రం క్లెమెంటిలోని మా ఇంటి నుంచి ట్రైన్‌లో స్టేషన్ల పేర్లు తెలుగులో రాసుకుంటూ వెళ్లేది.

సుధాకరరావుగారు చెడ్డవారు కారు. ఈ మాట ఆయన మీద అవిశ్వాసం పెట్టినవాళ్లు కూడా ఒప్పుకుంటారు. కోవిడ్ రోజుల్లో గదుల్లో ఇరుక్కుపోయిన మనవాళ్లకు ఆయనే స్వయంగా భోజనాలు మోశారు. కానీ ఆయనకు అన్నీ పద్ధతిగా ఉండాలి. అమ్ములుగారి తెలుగులో అరవం, మలాయ్ కలుస్తాయని, పిల్లలకు ఆన్‌లైన్‌లో స్లైడులతో చెప్పే టీచర్ కావాలని కమిటీలో అన్నారు. మేం తలలూపాం. ఆవిడకు ఎవరు చెప్పాలి అనేసరికి అందరి తలలూ వాలిపోయాయి. మొహమాటం! మనవాళ్లకు మనిషిని తీసెయ్యడం చేతనవును గానీ, తీసేస్తున్నామని చెప్పడం చేతకాదు. చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టారు. ఉగాది వేదిక మీదికి ఆవిడను పిలిచి, “ఇక విశ్రాంతి తీసుకోబోతున్న అమ్ములుగారికి” అంటూ శాలువా కప్పేశారు. చప్పట్ల హోరులో ఆ ముక్క ఆవిడకు వినపడలేదు. పదకొండేళ్ల సేవకు సన్మానం అనుకుని ఫొటోకి నవ్వారు.

తరవాతి ఆదివారం గది తెరిచి, బోర్డు తుడిచి, పదకొండింటి దాకా కూర్చున్నారట. ఒక్క పిల్ల కూడా రాలేదు. నాకు ఫోన్ చేశారు. “ఆన్‌లైన్‌కి మారాం ఆంటీ” అన్నాను. “సరి” అని పెట్టేశారు.

నేను చెప్పనిది ఒకటుంది. ఆ కమిటీ మినిట్స్ టైపు చేసింది నేను. “ఏదైనా మర్యాదగా రాసెయ్యండి ఉపేంద్రా” అన్నారు సుధాకరరావుగారు. ‘వయసు రీత్యా అమ్ములుగారు స్వచ్ఛందంగా తప్పుకున్నారు’ అని రాశాను. మర్యాదగానే ఉందనిపించింది. అదే వాక్యం న్యూస్‌లెటర్‌లోకి వెళ్లి, ఇంగ్లీషులో పిల్లలకూ చేరింది.

ఆరు నెలల తరవాత ఒక శనివారం టోవా పాయో హాకర్ సెంటర్‌కి, అంటే అక్కడి తిండి అంగళ్ల దగ్గరికి, వెళ్లాం. ప్రణవి టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడివాళ్ల మాటలో టేబుల్ ‘చోప్’ చేసి, అంటే మాకోసం ఆపి, కూర్చుంది. నేను ట్రేతో వచ్చేసరికి అమ్ములుగారు దాని ముందు నిలబడి ఉన్నారు.

“ఆంటీ, వై యూ డోంట్ వాంట్ అస్?” అంటోంది ప్రణవి. “న్యూస్‌లెటర్ సెడ్ యూ వాంట్ టు స్టాప్. వీ నాట్ సో నాటీ, లా.”

ఆవిడ నావైపు తిరిగారు. “నాను మానేసినానని ఎవులు సెప్పినారు బాబూ?”

“అది... కమిటీ నిర్ణయం ఆంటీ” అన్నాను. నా చేతిలో ట్రే ఉంది. ట్రే మీద నంబరు లేదు.

మూడు వారాలకు ఆ సంతకాల కాగితం వచ్చింది. వెనక్కి తీసుకోమని బతిమాలడానికి వాళ్లింటికి వెళ్లాను. ఉగాదినాటి శాలువా కుట్టుమిషను మీద కప్పి ఉంది. దుమ్ము పడకుండా పనికొస్తోందన్నారు. కోపం దాచుకునే మనిషి కారావిడ.

“ఆయన మంచివాడే కదా ఆంటీ. కోవిడ్‌లో...”

“నాకూ తెచ్చినాడు కూడు. తలుపు కాడ ఎట్టి, బెల్లు కొట్టి ఎల్లిపోయీవోడు. మంచోడు కాదని నాను అన్నానా?”

“తొమ్మిది రోజుల్లో పోయే మనిషిని దింపితే మనకేమొస్తుంది?”

“పోతన్నాడనే కదా ఈ తొందర! ఆ ప్లేను ఎక్కినాక నాను ఎవుల్ని అడగాల? కొత్తోళ్లని అడిగితే మాకు తెలీదంటారు. ఈ పిల్లలు పెద్దోళ్లయినా కూడా, ఆంటీ మమ్మల్ని ఒగ్గేసి పోయిందనే అనుకుంటారు. అది నాకొద్దు బాబూ.” ఆవిడ శాలువా మడత సరిచేశారు. “నన్ను తీసేసినా ఏడవలేదు. ఆ పిల్ల మాటకి ఏడిసినాను.”

ఆ పిల్ల నా కూతురు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. టీ తాగి వచ్చేశాను.

ఆదివారం మధ్యాహ్నం పాయా లెబార్‌లో అద్దెకు తీసుకున్న హాల్లో సభ జరిగింది. అరవై ముగ్గురు వచ్చారు. పిల్లలు వెనక వరసల్లో కూర్చున్నారు. ఉపాధ్యక్షురాలు కాత్యాయనిగారు సభ నడిపారు. ఎలాగూ పోతున్నవాడి మీద తీర్మానం దండగన్నారు కొందరు. పోయేవాడిని అడక్కపోతే, ఇక ప్రతివాడూ తన ఆఖరి నెలలో ఇష్టమొచ్చినట్టు చేస్తాడన్నారు ఇంకొందరు. వీడ్కోలు సభకి శాలువా, జ్ఞాపిక ఆర్డర్ ఇచ్చేశామని, అవి వెనక్కి తీసుకోరని కోశాధికారి పెద్దిరాజుగారు నిజంగానే బాధపడ్డారు. రెండు గంటలు గడిచాయి. అప్పుడు అమ్ములుగారు లేచారు.

“సుదాకర్ బాబూ, నాను మానేస్తానని మీకు ఎప్పుడన్నా సెప్పినానా?”

సుధాకరరావుగారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. తప్పించుకోవడానికి ఆయనకు వంద మాటలు వచ్చు. ఒక్కటీ వాడలేదు.

“లేదమ్మా. మీరు మానలేదు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మొహాన చెప్పే ధైర్యం లేక శాలువా కప్పాను.”

“మరి మానేసిందని రాసినోడు ఎవులు?”

ఆయన నావైపు చూడలేదు. “అధ్యక్షుణ్ణి నేను. బాధ్యత నాదే” అన్నారు.

నేను తల వంచుకుని ఆ మాట కూడా రాసుకున్నాను. ఆయన్ని చూస్తే గౌరవం కలిగింది, నన్ను చూసుకుంటే రోత పుట్టింది.

తీర్మానం నెగ్గాలంటే మూడింట రెండు వంతులు, అంటే నలభై రెండు చేతులు లేవాలి. అమ్ములుగారి చెయ్యి అన్నిటికంటే ముందు, నిటారుగా లేచింది. లెక్క ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది. నా చెయ్యి పెన్ను పట్టుకునే ఉంది. తీర్మానం వీగిపోయింది.

జనం కుర్చీలు జరుపుకుంటూ లేస్తున్నారు. అమ్ములుగారు ప్రణవిని వెంటబెట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారు.

“ఓడిపోతే ఓడిపోయినాం. ఏటి రాసినావో సదువు.”

చదివాను. “తీర్మానం వీగిపోయింది. అమ్ములుగారు స్వచ్ఛందంగా తప్పుకోలేదని, ఆవిడను అడగకుండానే తప్పించారని అధ్యక్షులు సభలో ఒప్పుకున్నారు.”

“సరి. నంబరేది?”

“ఏ నంబరాంటీ?”

“ట్రే మీద నంబరు. ముందు రాసిన సెయ్యి ఎవులిదో ఇందులో లేదు.”

ఆవిడకు తెలుసు. హాకర్ సెంటర్‌లోనే తెలిసిపోయి ఉంటుంది. ఇన్నాళ్లూ నన్ను అడగలేదు, నా అంతట నేను చెప్తానని చూశారు. ఒక వాక్యం చేర్చాను. ప్రణవి నా భుజం మీదుగా వంగి, వేలు పెట్టి, ఆవిడ నేర్పినట్టే కూడబలుక్కుంటూ పైకి చదివింది.

“తప్పుకున్నారని... ముందు... రాసినది... కార్యదర్శి... ఉపేంద్ర.” వేలు అక్కడే ఆగింది. “డాడీ, దట్స్ యూ.”

“అవునమ్మా, నేనే రాశాను. అది అబద్ధం. ఆంటీ మిమ్మల్ని వదిలేసి వెళ్లలేదు.”

అది కాగితం మీంచి వేలు తీసేసింది. అమ్ములుగారి వైపు తిరిగి చెయ్యి పట్టుకుంది. “ఆంటీ, దెన్ నెక్స్ట్ సండే హౌ? రూమ్ ఓపెన్ ఆ?”

అమ్ములుగారు చీర కొంగుతో కళ్లు తుడుచుకుని, చేతిసంచీలో వెతికి గది తాళంచెవి తీశారు. ఆరు నెలలుగా దాన్ని ఎవరూ అడగలేదు, ఆవిడా ఇవ్వలేదు.

“ప్రతి ఆదివారం తెరిసి బోర్డు తుడుస్తానే ఉన్నాను” అన్నారు. “తొమ్మిదింటికి వొచ్చీ.”